ఉన్న సబ్‌వూఫర్‌కి తోడు ఇంకోటి కొనాలా, అమ్మేసి పెద్దది ఒక్కటే తెచ్చుకోవాలా?

కూకట్‌పల్లి_బేస్

అందరికీ నమస్తే. మా హాలు 15 అడుగులు పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు, అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోరు. 5.1 సెటప్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్), బేస్ వాయించే సబ్‌వూఫర్, అదే సబ్, ఒక్కటే, 10 ఇంచులది, టీవీ గోడకి ఎడమ మూలన పెట్టా. వెనకాల డైనింగ్ టేబుల్ ఉంది కాబట్టి సోఫా సరిగ్గా హాలు మధ్యలో పడింది. ఇప్పుడు గొడవ ఏంటంటే నేను సోఫా మధ్యలో కూర్చుంటే బేస్ ఉందా లేదా అన్నట్టు ఉంటది, అదే అమ్మ కూర్చునే కిటికీ పక్క సీట్లో గుయ్యిమని చెవులు అదిరిపోతాయి, పది నిమిషాలకే తగ్గించరా నాయనా అంటుంది. నాకు వినపడాలని పెంచితే షోకేస్‌లో స్టీలు గ్లాసులు గలగలలాడతాయి.

చేతిలో 45 వేలు ఉన్నాయి. ఇదే మోడల్ ఇంకోటి కొనాలా, లేకపోతే దీన్ని అమ్మేసి ఆ డబ్బు కూడా కలిపి 12 ఇంచులది మంచిది ఒక్కటి తెచ్చుకోవాలా? ఒక షాపాయన రెండు పెడితే సౌండ్ డబుల్ అన్నాడు, ఇంకో షాపాయన రెండు పెడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి వద్దన్నాడు. ఎవరిని నమ్మాలో తెలీట్లేదు.

పాత_యాంప్లిఫయర్

తమ్ముడూ, ముందు పర్సు మూసెయ్. నువ్వు చెప్పిన కొలతలు చూస్తే తప్పు సబ్‌ది కాదు, అది కూర్చున్న చోటుది. 12 అడుగుల వెడల్పుకి రెండు గోడల మధ్య కొట్టుకుంటూ గాల్లో నిలబడిపోయే మొదటి మోత దాదాపు 47 హెర్ట్జ్ (సెకనుకి 47 ఊపులు). అది గోడల దగ్గర బలంగా, మధ్యలో బాగా బలహీనంగా ఉంటుంది. మీ అమ్మగారు గోడ పక్కన, నువ్వు మధ్యలో. ఇంకేం కావాలి. మూలన పెట్టిన సబ్ గదిలో ఉన్న ప్రతి మోతనీ లేపుతుంది, అందుకే మూలన సౌండ్ ఎక్కువ వచ్చినట్టు అనిపిస్తుంది.

దాన్ని తీసి టీవీ గోడకి సరిగ్గా మధ్యలో పెట్టు. ఆ 47 మోతకి మధ్యలోనే బలం ఉండదు కాబట్టి అక్కణ్ణుంచి సబ్ దాన్ని లేపలేదు. పైసా ఖర్చు లేదు. టీవీ యూనిట్ అడ్డమొస్తే కింద అర ఒకటి పీకెయ్.

రెండోది. రెండు 10 ఇంచులవి పెట్టినా లోతు పెరగదు, అంటే ఇంకా తక్కువ హెర్ట్జ్ దాకా దిగదు. ఒక్కటి 30 హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేసే రకమైతే రెండోదీ అక్కడే చేతులెత్తేస్తుంది. 20 దాకా దిగాలంటే పెద్దదే కొనాలి. నా ఓటు పెద్దది ఒక్కటి, సరైన చోట.

డల్లాస్_తెలుగోడు

అన్నగారు 47 గురించి చెప్పింది వంద శాతం కరెక్ట్, కానీ పొడవు సంగతి వదిలేశారు. 15 అడుగులకి మొదటి మోత 37 హెర్ట్జ్ పైచిలుకు. సోఫా పొడవుకి సరిగ్గా సగంలో ఉందన్నాడు కదా, అంటే ఆ 37 దగ్గర సోఫా మీద ఎవరు కూర్చున్నా బేస్ పడిపోతుంది. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్, అంటే పాటకి వెన్నెముక ఉండే చోటే గుంట పడిందన్నమాట. సబ్‌ని టీవీ గోడ మధ్యలో పెడితే వెడల్పు మోత పోతుంది, పొడవు మోత అలాగే ఉంటుంది. పక్క గోడ మధ్యలో పెడితే పొడవుది పోయి వెడల్పుది మిగులుతుంది. గోడ పక్కన పెట్టిన ఒక్క సబ్‌తో రెండూ పోవు, రెండూ పోవాలంటే దాన్ని హాలు నడిమధ్యలో పెట్టుకోవాలి, అక్కడ సోఫా ఉంది.

అదే రెండు సబ్‌లు, ఒకటి టీవీ గోడ మధ్యలో, ఒకటి వెనక గోడ మధ్యలో పెట్టారనుకోండి, రెండూ మధ్యలో ఉన్నాయి కాబట్టి వెడల్పు మోత లేవదు, ఎదురెదురు గోడల నుంచి ఒకేసారి తోస్తాయి కాబట్టి పొడవు మోతని ఒకటి లేపబోతే ఇంకోటి అణిచేస్తుంది. హార్మన్ అనే ఆడియో కంపెనీలో టాడ్ వెల్టి 2002లో ఏఈఎస్ (ఆడియో ఇంజనీర్ల సంఘం) సభలో పెట్టిన పేపర్ సరిగ్గా దీని మీదే, ఎన్ని సబ్‌లుంటే చాలు అని. నాలుగు గోడల మధ్యలో నాలుగు పెడితే బాగుంటుంది, ఎదురెదురు గోడల మధ్యలో రెండు పెట్టినా ఆశ్చర్యపోయేంత మేలు అని తేలింది.

ఇంకో మాట, ఇక్కడ మా ఇంట్లో గోడలు చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు కొట్టినవి, అవి కొంచెం ఊగి బేస్‌ని మింగేస్తాయి, బయటికీ వదిలేస్తాయి. మనవైపు ఇటుక గోడ, పైనా కిందా కాంక్రీట్ స్లాబ్. బేస్ ఎక్కడికీ పోదు, లోపలే కొట్టుకుంటది. అందుకే ఇక్కడి వాళ్ళ రివ్యూలు చదివి ఒక్కటి చాలనుకుంటే మన ఇళ్ళల్లో కుదరదు. సెలవుల్లో గుంటూరులో మా నాన్న ఇంట్లో అదే స్పీకర్లు విన్నప్పుడు నాకు అర్థమైంది.

సూర్యాపేట_సౌండ్

నేను రెండు పెట్టి దెబ్బతిన్నోణ్ణి, అందుకే చెప్తున్న. నా దగ్గర 12 ఇంచులది పోర్టు (పెట్టెకి గాలి రంధ్రం) ఉన్న సబ్ ఉండె. సెకండ్ హ్యాండ్‌ల 8 ఇంచులది సీల్డ్ (పెట్టె మొత్తం మూసినది) ఒకటి చవగ్గ దొరికితే తెచ్చి పక్కపక్కన పెట్టిన. బేస్ పెరగాలె కదా, తగ్గింది. 30, 40 మధ్యల అసలు దమ్మే లేదు. వారం రోజులు వైర్లు మార్చుకుంట కూసున్న. తర్వాత తెలిసిందేందంటే పోర్టుది, సీల్డుది ఫేజ్ (తోసే, గుంజే టైము) తక్కువ హెర్ట్జ్‌ల కాడ చాలా తేడాగ తిరుగుతది, ఒకటి బయటికి తోస్తుంటే ఇంకోటి లోపలికి గుంజుతది. చిన్నది ముందే అలిసిపోతది కూడా, గట్టి సీన్ వచ్చినప్పుడు కోన్ టక్కుమని కొట్టుకునేది.

గా షాపాయన కొట్టేసుకుంటయ్ అన్నది గిది, కని అది రకాలు కలిపితే వచ్చే తిప్పలు. కొంటే అచ్చం అదే మోడల్ కొనుండ్రి, లేకుంటే కొనకుండ్రి. డబుల్ అన్నాయన మాట సగమే నిజం, రెండు ఒక్కదగ్గర పెడితే 6 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) పెరుగుతది, చెవికి అది డబుల్ లెక్క అనిపియ్యదు.

పాత_యాంప్లిఫయర్

డల్లాస్ బాబు చెప్పిన లెక్కలో తప్పు లేదు, ఒప్పుకుంటా. కానీ ఆ పేపర్ అడిగిన ప్రశ్న ఏంటి? చాలా సీట్లలో ఒకేలా వినపడాలంటే ఎన్ని అని. ఒక్కడే కూర్చుని వినేవాడికి ఆ ప్రశ్నే లేదు. నేను ముప్పై ఏళ్ళుగా ఒక్క కుర్చీలో వింటున్నా. సబ్‌ని ఎత్తి ఆ కుర్చీలో పెట్టి, బేస్ ఉన్న పాట ఒకటి తిప్పుతూ గోడల వెంట మోకాళ్ళ మీద పాకి, ఎక్కడ ప్రతి నోటూ సమానంగా వినపడిందో అక్కడ సుద్దముక్కతో గీసుకుని సబ్ అక్కడికి మార్చా. ఎక్కువగా వినపడే ఒక పొంగు మిగిలితే దాన్ని ఈక్వలైజర్‌తో (ఏ మోతని ఎంత పెంచాలో, తగ్గించాలో తిప్పుకునేది) కోశా. నా కుర్చీలో ఇప్పుడు ఒక్క నోటు ఎగరదు, ఒక్కటి కుంగదు. 45 వేలు పెట్టి మూడు సీట్లు సరిచేసుకోవాలా, ఒక్క సీట్లో 20 హెర్ట్జ్ దాకా దిగాలా అన్నది మనిషిని బట్టి ఉంటుంది.

అతను సోఫాని రెండడుగులు వెనక్కి జరిపినా ఆ 37 గుంట చాలావరకు పూడుతుంది. అది అడిగారా ఎవరైనా?

బెజవాడ_శ్రోత

అన్నయ్యగారూ, మీ కుర్చీ సంగతి బాగుంది కానీ ఆయన మొదటి పోస్టులోనే అమ్మగారి సీటు గురించి రాశారు. హాలు అంటే ఇంట్లో అందరిదీ. పొంగుని ఈక్వలైజర్‌తో కోయొచ్చు, అది కూడా ఒక సీటుకే, మధ్య సీట్లో గుంట పూడ్చాలని అక్కడ 10 డీబీ పెంచితే చివర సీట్లో వాళ్ళకి ఆ 10 డీబీ అదనపు మోత అవుతుంది, యాంప్లిఫయర్‌కి పది రెట్ల పవర్ లాగుతుంది, గుంట మాత్రం పూర్తిగా నిండదు.

మా ఫ్లాట్‌లో ఇదే జరిగింది. కింద ఫ్లోర్ వాళ్ళు రెండుసార్లు పైకొచ్చారు, వాళ్ళ బాబుకి పరీక్షలు, పడుకుంటే మంచం వణుకుతోందమ్మా అన్నారు. నాకు చాలా బాధేసింది. రూల్స్ ప్రకారం ఇళ్ళ మధ్య రాత్రి పది దాటాక 45 డీబీ అంటారు కానీ ఆ మీటర్ లెక్క ఏ-వెయిటింగ్‌ది, 50 హెర్ట్జ్ దగ్గర 30 డీబీ తగ్గించి చూపిస్తుంది, అంటే మీటర్‌లో ఏమీ లేనట్టే ఉంటుంది, కింద పిల్లాడు మాత్రం నిద్రపోడు. మీటర్ చూపించి వాదించి ప్రయోజనం లేదు. రెండో సబ్ పెట్టాక నేను చేసింది సౌండ్ పెంచడం కాదండీ, తగ్గించడం. ఇంతకుముందు నా సీట్లో వినపడట్లేదని మొత్తం పెంచేదాన్ని, ఇప్పుడు అవసరం లేదు. రెండిటి కిందా మందం రబ్బరు షీట్లు వేశాను, కిందవాళ్ళు మళ్ళీ రాలేదు.

కూకట్‌పల్లి_బేస్

ఇన్ని చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న ఆదివారం మొత్తం దీని మీదే ఉన్నా. ఫ్రెండ్ దగ్గర ఇదే మోడల్ సబ్ ఉంటే కారులో వేసుకుని తెచ్చా, కొలిచే మైక్ కూడా వాడిదే, గదిలో సౌండ్ కొలిచే సాఫ్ట్‌వేర్ ఆర్‌ఈడబ్ల్యూ ఎలాగూ ఫ్రీ.

ముందు మూలన ఉన్నది ఉన్నట్టు కొలిచా. 47 దగ్గర అమ్మ సీటుకీ నా సీటుకీ 13 డీబీ తేడా. చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు, ఇన్నాళ్ళూ అమ్మది చాదస్తం అనుకున్నా. అన్నగారు చెప్పినట్టు యూనిట్ అర పీకి మధ్యలో పెడితే ఆ తేడా 4కి దిగింది, అదీ ఫ్రీగా. అన్నా, నీకు దండం. కానీ 37 దగ్గర గుంట సోఫా మొత్తం మీద అలాగే ఉంది. సోఫా వెనక్కి జరిపి చూశా, గుంట సగం పూడింది నిజమే, డైనింగ్ కుర్చీలు బయటికి లాగడానికి చోటు లేకుండా పోయింది, మా ఆవిడ ఒప్పుకోలేదు.

అప్పుడు ఫ్రెండ్ సబ్‌ని వెనక గోడ మధ్యలో, డైనింగ్ టేబుల్ కింద పెట్టా. సోఫా రెండిటికీ సమాన దూరం కాబట్టి డిలే ఏమీ పెట్టలేదు, ఫేజ్ రెండిటికీ సున్నానే. మూడు సీట్లలో గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, 35 నుంచి 80 దాకా ఎక్కడా 3 డీబీ మించి తేడా లేదు. లెవెల్ 5 డీబీ తగ్గించా కూడా. అమ్మ సినిమా చివరిదాకా కూర్చుంది, ఇంటర్వెల్‌లో ఇవాళ సబ్ పెట్టలేదా అని అడిగింది.

ఇదే మోడల్ రెండోది ఆర్డర్ పెడుతున్నా. ఒక్క డౌటు, నా రిసీవర్‌కి సబ్ అవుట్ ఒక్కటే ఉంది, వెనక గోడ దాకా వైర్ 12 మీటర్లు అవుద్ది, పర్లేదా?

సూర్యాపేట_సౌండ్

ఒక అవుట్ ఉన్నా సరిపోతది, వై స్ప్లిటర్ పెట్టు, నీకు రెండిటికీ ఒకటే సిగ్నల్ కావాలె కదా. 12 మీటర్లకి షీల్డ్ మంచిగున్న కోయాక్సియల్ వైర్‌కి ఆర్‌సీఏ పిన్నులు కొట్టించుకో. వెనక సబ్‌కి కరెంటు కూడా టీవీ దిక్కు బోర్డు నుంచే లాగు, డైనింగ్ బోర్డుల పెడితే ఎర్తు తేడా వచ్చి ఝుమ్మని హమ్ మొదలైతది. కరెంటు వైరూ సిగ్నల్ వైరూ ఒకే కేసింగ్‌ల మాత్రం వెయ్యకు.

పాత_యాంప్లిఫయర్

పెట్టాక ఈక్వలైజేషన్ మళ్ళీ మొదటి నుంచి చెయ్, రెండూ కలిపి ఆన్‌లో ఉంచి. క్రాసోవర్ (ఎన్ని హెర్ట్జ్ దాకా సబ్‌కి పంపాలో ఆ హద్దు) 80 దాటనివ్వకు, దాటితే వెనక సబ్ ఎక్కడుందో చెవి పట్టేస్తుంది. 20 హెర్ట్జ్ మీద నా మాట నాదే, అది ఇంకోరోజు మాట్లాడుకుందాం.