రిటైరయ్యాక వెచ్చటి దేశానికి మకాం: వీసా వచ్చాక ఎక్కడ దెబ్బ తింటాం?

ప్రశ్న – చలి చాలు

మా ఇద్దరికీ అరవై దాటాయి. ఏడాదిలో సగం గడ్డకట్టే చలి ఉండే చోటు నుంచి వెచ్చటి దేశానికి పూర్తిగా మారాలనుకుంటున్నాం. వచ్చేది మావారి పింఛను, పైన డిపాజిట్ల మీద కొంత వడ్డీ. థాయ్‌లాండ్, పనామా, స్పెయిన్, పోర్చుగల్ చూస్తున్నాం. ఆయనకు బీపీ, షుగరు, ఇన్సులిన్ వాడతారు. కుక్క కూడా ఉంది. వీసా ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వెళ్లిన రెండో మూడో ఏట ఏం తేడా వస్తుందో చెప్పేవాళ్లు కనబడటం లేదు. ఏ పని ముందు, ఏది తర్వాత? ఇల్లు ఇప్పుడే అమ్మెయ్యాలా?

జవాబు – కాగితాలపెట్టె

దేశం సంగతి తర్వాత అండి, ముందు మీ ఆదాయం ఏ రకమో తేల్చుకోండి. పనామా పెన్షనాడో వీసాకు జీవితాంతం వచ్చే పింఛనే కావాలి: నెలకు కనీసం 1,000 డాలర్లు, వెంట వచ్చే ఒక్కొక్కరికీ ఇంకో 250. డిపాజిట్ వడ్డీ అక్కడ లెక్కకు రాదు. పింఛను పత్రంలో ‘జీవితాంతం’ అన్న మాట స్పష్టంగా ఉండాలి, లేకపోతే వెనక్కి వస్తుంది. స్పెయిన్‌లో పని చేయకుండా బతికేవాళ్ల వీసాకు ఐప్రెమ్ అనే ప్రభుత్వ ఆదాయ సూచికకు నాలుగు రెట్లు చూపాలి. ఐప్రెమ్ 600 యూరోలు అయితే నెలకు 2,400, మీకోసం మరో 600. వడ్డీ, అద్దె కూడా ఒప్పుకుంటారు. పోర్చుగల్ డీ7 వీసా (సొంత ఆదాయంతో బతికేవాళ్లది) అక్కడి కనీస వేతనానికి ముడిపడి ఉంటుంది. 2025లో అది 870 యూరోలు, రెండో మనిషికి అందులో సగం. ఆ వేతనం ఏటా పెరుగుతోంది. మీ పింఛను వేరే కరెన్సీలో వస్తుంటే మారకపు రేటు పది శాతం పడినా హద్దు దాటి ఉండేలా చూసుకోండి. సరిగ్గా హద్దు మీద ఉన్నవాళ్లకు మొదటిసారి వీసా వస్తుంది, రెన్యువల్ దగ్గర ఇబ్బంది వస్తుంది.

థాయ్‌లాండ్‌లో యాభై దాటినవాళ్లకు ప్రధానంగా రెండు దార్లు: బ్యాంకులో 8,00,000 బాట్, లేదా నెలకు 65,000 బాట్ ఆదాయం. చిక్కు ఏటేటా చేసే పొడిగింపులో ఉంది. ఆ డబ్బు దరఖాస్తుకు రెండు నెలల ముందే ఖాతాలో ఉండాలి. ముద్ర పడ్డాక మూడు నెలలు కదపకూడదు. మిగతా ఏడాదంతా 4,00,000 కంటే దిగకూడదు. ఆసుపత్రి ఖర్చుకు అందులోంచి తీస్తే మరుసటి ఏటి పొడిగింపు పోతుంది. కాబట్టి దాన్ని ఆపద్ధనంగా అస్సలు లెక్కవేసుకోకండి, ఆపద్ధనం వేరేగా ఉండాలి. తొంభై రోజులకోసారి ఉంటున్న చిరునామా తెలియజేయాలి. రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటితే మిగిలిన గడువంతా రద్దే. ఇంట్లోవాళ్లకు ఒంట్లో బాగోలేదని రాత్రికి రాత్రి బయల్దేరేవాళ్లు మర్చిపోయేది ఇదే.

కాగితాలకు వరస ముఖ్యం. అసలు పత్రం, దాని మీద అపోస్టిల్ (పత్రం నిజమైనదేనని వేరే దేశాల కోసం ప్రభుత్వం వేసే ధ్రువీకరణ), ఆ తర్వాత అధికారిక అనువాదం. అనువాదం ముందే చేయిస్తే అపోస్టిల్‌లోని రాత అనువాదంలో ఉండదు, మళ్లీ మొదలు. పోలీస్ క్లియరెన్స్ సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలే చెల్లుతుంది కనుక దాన్ని చివర్న తీసుకోండి. పాస్‌పోర్టుకూ పెళ్లి ధ్రువపత్రానికీ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇక్కడుండగానే సరిచేయించుకోండి. అక్కడికెళ్లాక నెలలు పడుతుంది.

జవాబు – నీడపట్టు

నేను ఒంటి సంగతి చెబుతాను, బీపీ, ఇన్సులిన్ అన్నారు గనుక.

ఊరి సగటు ఉష్ణోగ్రత చూసి నిర్ణయించుకోకండి. రాత్రి ఎంతకు దిగుతుంది, గాలిలో తేమ ఎంత అన్నవి చూడండి. పొడిగాలిలో 32 డిగ్రీలున్నా చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కపోతలో చెమట కారుతుందే గానీ ఆరదు, ఒంటిని చల్లబరచడానికి గుండె ఎక్కువ కొట్టుకోవాలి. కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, పెద్దవయసులో ఇంకా ఎక్కువ. బీపీకి వాడే మందుల్లో మూత్రం ఎక్కువ పోయించేవి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిస్తాయి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు వేడికి ఒళ్లు స్పందించే తీరునే మందగింపజేస్తాయి. చలిదేశంలో సరిపోయిన డోసు అక్కడ ఎక్కువై, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడి, మొదటి నెల రోజూ బీపీ చూసి రాసుకోండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకంలో ఉన్నది చాలా రకాలకు 30 డిగ్రీల లోపు సుమారు 28 రోజులు నిలుస్తుంది, మీ రకానికి ఎంతో డబ్బా మీద చూడండి. విమానంలో చేతిసంచీలోనే ఉంచండి. కింద సామాన్ల అరలో గడ్డకడితే ఇక పనికిరాదు. ఇంకోటి, చర్మం వేడెక్కి ఉన్నప్పుడు ఇన్సులిన్ త్వరగా రక్తంలో కలుస్తుంది, షుగరు అనుకోకుండా పడిపోవచ్చు. ఎండలోంచి రాగానే ఇంజెక్షన్ వేసుకోవద్దు. మందుల చీటీ బ్రాండ్ పేరుతో కాక మందు అసలు పేరుతో రాయించుకోండి. నిద్రమాత్రలు, గట్టి నొప్పిమాత్రలు కొన్ని దేశాల్లో నియంత్రిత జాబితాలో ఉంటాయి, ముందే అడిగి అనుమతి తెచ్చుకోవాలి.

డెంగీ ఉన్న ప్రాంతమైతే, ఆ దోమ పగలే కుడుతుంది. జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ముట్టొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండెకోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లయితే వెంటనే డాక్టరును అడగాలి.

అన్నిటికంటే ముందు, ఆ ఊళ్లో అందరూ వదిలి వెళ్లే నెలలో వెళ్లి నెలరోజులు అద్దెకుండండి. చియాంగ్ మాయ్ అయితే మార్చి: పంటపొలాలు, అడవులు కాల్చే పొగ. సెవిల్ అయితే జూలై, పగలు 40 డిగ్రీలు మామూలే. లిస్బన్ అయితే జనవరి. నవ్వకండి, అక్కడ బయట పెద్ద చలి ఉండదు గానీ చాలా ఇళ్లలో హీటింగ్ ఉండదు, గోడలకు బూజు పడుతుంది.

ఇన్సూరెన్సు ఆలస్యం చెయ్యకండి. డెబ్బై దాటాక కొత్తగా చేర్చుకునే కంపెనీలు తక్కువ, ముందున్న జబ్బులను మినహాయించేవి ఎక్కువ. థాయ్‌లాండ్ ఓ-ఏ వీసాకు (బయల్దేరే ముందే రాయబార కార్యాలయంలో తీసుకునే రిటైర్మెంట్ వీసా) 30,00,000 బాట్ కవరేజీ అడుగుతారు. స్పెయిన్ వీసాకు ప్రతి చికిత్సకూ మన వాటా కట్టే పాలసీలు చెల్లవు. జీవితాంతం రెన్యువల్ హామీ ఉందా అన్నది ధర కంటే ముందు చూడాల్సిన సంగతి.

జవాబు – లెక్కపక్కా

పన్ను మాట. స్పెయిన్, పోర్చుగల్‌లో ఏడాదిలో 183 రోజులు దాటితే అక్కడి పన్ను నివాసి అవుతారు, ప్రపంచమంతటి ఆదాయం చూపాలి. స్పెయిన్‌లో బయటి దేశాల ఖాతాల్లో 50,000 యూరోలు దాటితే 720 నంబరు ఫారం విడిగా నింపాలి. థాయ్‌లాండ్‌లో హద్దు 180 రోజులు. విదేశీ ఆదాయాన్ని మరుసటి ఏడు తెచ్చుకుంటే పన్ను లేదని పాత వ్యాసాల్లో రాసి ఉంటుంది; 2024 జనవరి 1 నుంచి ఆ వెసులుబాటు పోయింది. కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్లకు పోర్చుగల్ ఇచ్చిన పాత ఎన్‌హెచ్‌ఆర్ పన్ను రాయితీ కూడా కొత్తవాళ్లకు మూసేశారు. పన్ను కోసమే ఐరోపా అనుకుంటే గ్రీస్ చూడండి, విదేశీ పింఛనుదార్లకు 15 ఏళ్లు 7 శాతమే. ద్వంద్వ పన్ను ఒప్పందాల్లో ప్రైవేటు పింఛను మీద పన్ను సాధారణంగా నివసించే దేశానికీ, ప్రభుత్వోద్యోగ పింఛను మీదిది ఆ పింఛను ఇచ్చే దేశానికీ పోతుంది. మీ రెండు దేశాల ఒప్పందంలో పింఛను అధికరణం తప్పక చదవండి.

మీ ప్రశ్నలో లేనిది ఒకటుంది, అదే నాకు బెంగ. వీసా ఆయన పింఛను మీద వస్తోంది. ఆయన ముందు పోతే మీకు కుటుంబ పింఛను ఎంత వస్తుంది? అది ఒక్కరి హద్దుకు సరిపోతుందా? మీ నివాస అనుమతి ఆయన దాని మీద ఆధారపడిందా, విడిగా నిలుస్తుందా? ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే దేశం ఎంచుకోండి. ఆ దేశపు బ్యాంకులో మీ పేర విడి ఖాతా ఉండాలి, ఆరు నెలల ఖర్చు అందులో ఉండాలి. చాలాచోట్ల మరణ వార్త అందగానే ఖాతా స్తంభింపజేస్తారు. ఐరోపాకైతే వీలునామాలో ‘నా పౌరసత్వ దేశపు చట్టమే వర్తించాలి’ అని రాయండి. 2015 ఆగస్టు 17 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య 650/2012 నిబంధన ఆ వెసులుబాటు ఇస్తోంది. రాయకపోతే చివరగా నివసించిన దేశపు వారసత్వ చట్టం పడుతుంది. స్పెయిన్‌లో చాలా ప్రాంతాల్లో పిల్లల వాటా తప్పనిసరి.

మళ్లీ – చలి చాలు

కుటుంబ పింఛను సంగతి మేం అసలు ఆలోచించలేదు, రేపే అడుగుతాను. ఇల్లు, కుక్క గురించి కూడా చెప్పండి.

జవాబు – లెక్కపక్కా

రెండుసార్లు, రెండు వేర్వేరు కాలాల్లో ఉండి వచ్చేదాకా ఇల్లు అమ్మకండి. కానీ తేల్చుకున్నాక ఆలస్యమూ వద్దు. స్పెయిన్ పన్ను ఏడాదిని రెండుగా విడదీయదు: మార్చిలో వెళ్లి 183 రోజులు దాటితే, ఫిబ్రవరిలో అమ్మిన ఇంటి లాభం కూడా అక్కడ చూపాలి. అమ్మకం డిసెంబరులోపు ముగించి జనవరిలో వెళ్లడం సుఖం.

జవాబు – కాగితాలపెట్టె

కుక్కకు ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. తలకిందులైతే టీకా చెల్లదు. ఐరోపా సమాఖ్య జాబితాలో లేని దేశం నుంచి వెళ్తుంటే, టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తపరీక్ష; రేబిస్ నిరోధకాలు మిల్లీలీటరుకు కనీసం 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) రావాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అంటే కుక్క పని అయిదు నెలల ముందే మొదలుపెట్టాలి, మీ వీసా దరఖాస్తు కంటే కూడా ముందు.