‘పెద్ద పప్పా నువ్వు?’ తెలుగేనా?

పెరంబూర్ పంతులమ్మ:
ఇక్కడ చెన్నైలో మా ఆదివారం తెలుగు తరగతి పిల్లల కోసం తిండి మాటల పట్టిక రాస్తున్నాం. పప్పు దగ్గర ఆగిపోయాం. కందిపప్పు, అన్నంలోకి వండుకునే పప్పు, జీడిపప్పు బాదంపప్పుల్లోలా గింజ లోపలి పలుకు... ఇంతవరకు పేచీ లేదు. మందకొడి మనిషిని ముద్దపప్పు అంటాం కదా, అదీ రాశాం. ఇంతలో ఒక పిల్లాడు లేచి, “మా తాత ‘పెద్ద పప్పా నువ్వు?’ అంటాడు, పోటుగాడివా అని” అన్నాడు. ఇదీ చేర్చాలా?

ఓఎంఆర్ బెజవాడబ్బాయి:
వద్దండీ. తమిళంలో ‘పెరియ పరుప్పా నీ’ అంటారు, దాన్నే తెలుగులోకి దించేశారు. బెజవాడలో ఎవణ్ణయినా పప్పు అన్నామంటే చేతకానివాడని. పూర్తిగా తిరగబడిన అర్థం ఇది. నిఘంటువు చూపించి మాట్లాడమనండి.

మూడుతరాల మద్రాసు:
నిఘంటువా? బ్రౌన్ నిఘంటువు 1852లో అచ్చయింది ఈ ఊళ్లోనే. శబ్దరత్నాకరం 1885లో, అదీ ఇక్కడే. మద్రాసు వాళ్లకు నిఘంటువు చూపించమంటారా?

వేళచ్చేరి:
పప్పు అని ఎగతాళి చెయ్యడం హిందీ నుంచి వచ్చింది కదా?

సాలిగ్రామం కోడలు:
హిందీ పప్పు ముద్దుపేరు. కందిపప్పుతో దానికి చుట్టరికం లేదు.

ఓఎంఆర్ బెజవాడబ్బాయి:
మద్రాసు గారూ, ఎక్కడ అచ్చయిందని నేనడగలేదు. ఆ అర్థం అందులో ఉందా లేదా?

మూడుతరాల మద్రాసు:
పక్క భాషలో ఉంది కాబట్టి మనది కాదంటే ‘నీ పప్పులు ఉడకవు’ కూడా కొట్టెయ్యండి. తమిళంలో ‘ఉన్ పరుప్పు ఇంగ వేగాదు’, కన్నడంలో ‘బేళె బేయల్ల’, హిందీలో ‘దాల్ నహీ గలేగీ’. ఎవరి దగ్గర ఎవరు తెచ్చుకున్నారో తేల్చండి ముందు. ఈ ఊరి బోరునీళ్లు పోసి కందిపప్పు పెట్టి చూడండి. ఎన్ని కూతలొచ్చినా బద్ద బద్దలాగే ఉంటుంది, నీటి బోర్డు వాళ్లిచ్చే మెట్రో నీళ్లు పోస్తేనే మెత్తబడుతుంది. పొయ్యి దగ్గర నిలబడ్డ ఎవరి నోట్లోనైనా ఆ మాట పుడుతుంది.

సాలిగ్రామం కోడలు:
బోరునీళ్ల సంగతి నిజం. ముందు నానబెట్టుకోవాలి. ‘పెద్ద పప్పా’ మా మామగారూ అంటారు.

ఓఎంఆర్ బెజవాడబ్బాయి:
అంటారు, నాకూ తగిలింది. మా అపార్ట్‌మెంట్ మీటింగులో ట్యాంకర్ నీళ్ల లెక్క అడిగితే, ఒకాయన, తెలుగాయనే, అందరి ముందూ ‘పెద్ద పప్పా నువ్వు?’ అన్నాడు. చవట అన్నాడనుకుని ఆ రాత్రంతా రగిలిపోయాను. తెలుగువాళ్లకే అర్థం కానిది తెలుగెలా అవుతుంది?

మూడుతరాల మద్రాసు:
మీకు అర్థం కాకపోతే తెలుగు కాదన్నమాట! మా అమ్మాయి పెళ్లిలో అటువైపు చుట్టాలు అది నోరు విప్పితే చాలు, ‘అరవ యాస’ అని నవ్వారు. ఆ తర్వాత వాళ్లతో అది ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. తమిళనాడు 2006 చట్టంతో బళ్లో తమిళం తప్పనిసరి అయింది. మా పిల్లలకు తెలుగంటూ మిగిలింది ఇంట్లోనే. ఆ ఇంటి మాటా తెలుగు కాదని మీరు తేల్చేస్తే ఇక వాళ్లు దేన్ని పట్టుకోవాలి?

ఓఎంఆర్ బెజవాడబ్బాయి:
నేను నవ్వలేదు సార్. మావాడు ఇక్కడే పుట్టాడు. ఏది తెలుగో ఏది తమిళమో వాడికి తెలియట్లేదు. రేపు ఊరెళ్తే మీ అమ్మాయిని చూసి నవ్వినట్టే వాణ్ణి చూసీ నవ్వుతారు. అందుకే వద్దంటున్నాను.

వేళచ్చేరి:
ఇద్దరి బాధా ఒకటే కదండీ.

మూడుతరాల మద్రాసు:
ఒకటి కాదు. ఆయన పిల్లాణ్ణి మార్చాలంటున్నారు. నవ్వేవాళ్లు మారాలని నేనంటున్నాను.

పెరంబూర్ పంతులమ్మ:
పట్టికలో ఇలా పెడుతున్నాను: ‘పప్పు: పోటుగాడు (ఎత్తిపొడుపు, చెన్నై వాడుక)’.

ఓఎంఆర్ బెజవాడబ్బాయి:
చెన్నై వాడుక అన్నది ముందు రాయండి, సరే.

మూడుతరాల మద్రాసు:
అయితే ‘చేతకానివాడు’ పక్కన బెజవాడ వాడుక అని రాయాలి. మాది ఒక ఊరి మాటా, మీది మాత్రం తెలుగూనా?