అప్‌డేట్: ఎంఎస్ ఉన్న అక్కకి సదరం సర్టిఫికెట్

నడవగలిగే ఎంఎస్ (మల్టిపుల్ స్క్లిరోసిస్, మెదడునీ వెన్నుపామునీ దెబ్బతీసే నరాల జబ్బు) పేషెంటుకి సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఇస్తారా అని శ్రీకాకుళం నుంచి అడిగాను కదా. తేలింది ఇదీ.

అర్హత ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరుతో సహా ఉంది. లిస్టులో లేదని కౌంటర్లో ఎవరైనా అంటే చట్టం చివర ఆ లిస్టు ఉన్న షెడ్యూల్ ప్రింటవుట్ చూపించండి, వాదన కన్నా అదే పనిచేస్తుంది. పరీక్షకి స్లాటు సచివాలయంలో గానీ మీసేవలో గానీ బుక్ చేయించుకోవాలి.

అసలు చిక్కు వేరే. ఈ జబ్బు చాలామందిలో తగ్గుతూ, తిరగబెడుతూ ఉంటుంది. వైకల్యం ఎంతో తేల్చే మెడికల్ బోర్డు చూసేది మాత్రం ఆ పూట మనిషిని. అందుకే ఎంఆర్ఐ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వరసలో పెట్టుకోవాలి. న్యూరాలజిస్టు ఉత్తరంలో ఆగకుండా ఎంత దూరం నడవగలరు, చేతిపట్టు, చూపు, మూత్రం అదుపు, అలసట అన్నీ రాయించాలి. ‘ఎంఎస్ ఉంది’ అన్న ఒక్క ముక్క చాలదు. చాలా పథకాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. తక్కువ వేశారనిపిస్తే అదే చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

ఎండలో ప్రయాణమైతే చల్లటి నీళ్లు, తడిగుడ్డ దగ్గరుంచండి. ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలు పైకొస్తాయి, చల్లబడితే తగ్గుతాయి. అది రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) కాదు. కొత్త లక్షణం 24 గంటలు దాటినా పోకపోతే మాత్రం డాక్టరుకి చూపించాలి. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నాయేమో ముందు చూస్తారు.