జీటీఎక్స్ 970నా, ఆర్9 390నా? మూడున్నర జీబీ తగవు ఇంకా తెగలేదా?

చంద్రవంక:
ఆటలకు రెండు పాత గ్రాఫిక్స్ కార్డులు దొరికాయి. మా అన్నయ్య వాడి తీసేసిన ఎన్విడియా జీటీఎక్స్ 970 ఒకటి, స్నేహితుడి ఇంట్లో అటక మీద పడి ఉన్న ఏఎమ్‌డీ ఆర్9 390 ఒకటి. రెండూ ఊరికే ఇస్తామంటున్నారు, కానీ నాకు కావలసింది ఒక్కటే. నా మానిటర్ 1080పీ, ప్రాసెసర్ నాలుగు కోర్లది, పవర్ సప్లై 450 వాట్లది. 970లో మెమరీ నాలుగు జీబీ అనేది అబద్ధం, వేగంగా పనిచేసేది మూడున్నరేనని ఒకరు, 390 గదిని కుంపటి చేస్తుందని మరొకరు భయపెడుతున్నారు. ఏది తెచ్చుకోమంటారు?

మూడున్నర:
ఇందులో చర్చ ఏముంది, 390 తెచ్చుకోండి. 8 జీబీ మెమరీ, 512 బిట్ల బస్ (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి), సెకనుకు 384 జీబీ బ్యాండ్‌విడ్త్. 970ది 256 బిట్ల బస్, కాగితం మీద 224 జీబీ. కాగితం మీద అని ఊరికే అనలేదు. 2014 సెప్టెంబరులో కార్డు వచ్చినప్పుడు చెప్పిన లెక్క వేరు, 2015 జనవరిలో ఎన్విడియా ఒప్పుకున్న లెక్క వేరు. పిక్సెళ్లకు తుదిమెరుగు దిద్దే ఆర్‌ఓపీలు 64 అన్నారు, తేలినవి 56. చిప్ లోపలి చిన్న వేగవంతమైన నిల్వ, ఎల్2 క్యాషే, 2 ఎంబీ అన్నారు, ఉన్నది 1.75. చివరికి అమెరికాలో కోర్టు దావా రాజీకి వచ్చి, కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇస్తామన్నారు. నా పేరు చూశారు కదా, ఈ విషయంలో నాతో వాదనకు దిగకండి.

వాట్లలెక్క:
దిగుతాను. మూడున్నర గారూ, పదేళ్లుగా మీది ఒకటే పల్లవి. 970 వాడకం 145 వాట్లు, 390 వాడకం 275. మీరు బస్ వెడల్పు చెప్పారు కానీ ఈ సంగతి దాచారు.

పైగా అంకెలే గొప్పవైతే 390 ఎప్పుడో గెలిచి ఉండాలి. దానిలో 2,560 షేడర్లు (లెక్కలు కట్టే చిన్న యూనిట్లు), 970లో 1,664. లెక్కల వేగాన్ని కొలిచే టెరాఫ్లాపుల్లో 5.1కి 3.9. అంత తేడా ఉండి కూడా అప్పటి డైరెక్ట్‌ఎక్స్ 11 (ఆటకూ కార్డుకూ మధ్య మాట మోసే సాఫ్ట్‌వేర్) ఆటల్లో, 1080పీ దగ్గర, రెండూ దాదాపు భుజం భుజం రాసుకుంటూనే నడిచాయి. రంగుల సమాచారాన్ని కుదించి పంపడంలో 970లోని మ్యాక్స్‌వెల్ చిప్ పొదుపరి. దాని డ్రైవర్, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, ప్రాసెసర్ మీద వేసే బరువు కూడా తక్కువ. నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. రెండు కంపెనీల షేడర్ల సంఖ్యలను పోల్చడమంటే, కుంచాన్నీ గజాన్నీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడగడమే.

డ్రైవర్ల సంగతి కూడా వినండి. 390 ఉన్న తరం మొత్తాన్నీ ఏఎమ్‌డీ 2021 జూన్‌లో పాతవాటి జాబితాలోకి నెట్టేసింది. 970కి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరు దాకా వచ్చాయి.

మూడున్నర:
కరెంటు విషయం ఒప్పుకుంటాను, అది దాచేది కాదు. కానీ డైరెక్ట్‌ఎక్స్ 11 దగ్గరే ఎందుకు ఆగిపోయారు? 2016లో డూమ్ ఆటకు డైరెక్ట్‌ఎక్స్ లాంటిదే అయిన వల్కన్ వచ్చినప్పుడు ఏఎమ్‌డీ కార్డులు ఎంత ఎగిరాయో మరిచిపోయారా? అప్పటిదాకా ఖాళీగా కూర్చున్న షేడర్లకు అప్పుడు పని దొరికింది. ఇక సగటు ఫ్రేములు చూసి మురిసిపోకండి. సగటు 60 అని చూపిస్తూనే, మలుపు తిరిగిన ప్రతిసారీ తెర ఒక్క క్షణం బిగుసుకుపోతే ఆ 60ని ఏం చేసుకుంటారు? మెమరీ నిండిపోయిన కార్డు చేసేది అదే.

నిశ్శబ్దం:
ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఎప్పుడైనా 4కే టీవీకి కలిపే ఉద్దేశం ఉంటే, 970లో హెచ్‌డీఎంఐ 2.0 ఉంది. 390లో 1.4 మాత్రమే, అంటే ఆ తీగ మీద 4కే బొమ్మ సెకనుకు 30 ఫ్రేముల దగ్గర ఆగిపోతుంది.

సోల్డరు:
ఆ అర జీబీ గురించి ఇద్దరూ సగమే చెబుతున్నారు. 970లో మెమరీ దారులు ఎనిమిది, ఒక్కొక్కటి 32 బిట్లది. ప్రతి దారికీ ఎల్2 క్యాషేలో ఒక గుమ్మం ఉంటుంది. 970 చేసేటప్పుడు ఒక గుమ్మాన్ని మూసేశారు. దాంతో ఎనిమిదో దారిలో వచ్చే సమాచారం పక్కవారి గుమ్మంలోంచే లోపలికి రావాలి. అందరినీ కలిపి వదిలితే ఆ గుమ్మం దగ్గర తొక్కిసలాట. అందుకని ఏడు దారుల 3.5 జీబీని ఒక భాగం చేశారు, వేగం సెకనుకు 196 జీబీ. మిగిలిన అర జీబీ వేగం 28. డ్రైవర్ ముందుగా పెద్ద భాగాన్ని నింపుతుంది, చాలకపోతేనే చిన్నదాని జోలికి వెళ్తుంది.

ఆ 28 కూడా మరీ తీసిపారేసేది కాదు. కార్డు దాటి కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్తే, కార్డును మదర్‌బోర్డుకు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 మీద సెకనుకు 16 జీబీకి మించి రాదు. కాబట్టి అర జీబీ లేదనడం తప్పు, నాలుగూ ఒకటే అనడమూ తప్పు. ఈరోజు ఆ అర జీబీతో తేలేది కూడా ఏమీ లేదు. కొత్త ఆటలు అడిగేది నాలుగా, ఎనిమిదా అని. అక్కడ 390దే పైచేయి.

అయితే అటక మీది కార్డును అలాగే తెచ్చి తగిలించకండి. పోయిన నెల నేను ఒక 390 విప్పాను. వేడిని లాగే హీట్‌సింక్ ఎత్తేసరికి, దానికీ చిప్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు సుద్దలా పొడిపొడిగా రాలింది. రెక్కల మధ్య దుమ్ము దూది పరిచినట్టు పొరగా ఊడి వచ్చింది. అంతకుముందు ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకే 94 డిగ్రీలు తాకి వేగం తగ్గించుకునేది. పేస్టు మార్చాక 78 దాటలేదు. తప్పు కార్డుది కాదు, వయసుది. 970కైనా ఇదే సేవ చేయాలి.

చంద్రవంక గారూ, పవర్ సప్లై పక్కన అతికించిన కాగితం చదివి చెప్పండి. 450 అన్న అంకె వద్దు. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని రాసి ఉంది? కార్డుకు వెళ్లే తీగలు ఎన్ని పిన్లవి?

చంద్రవంక:
కేబినెట్ పక్కకు పడుకోబెట్టి టార్చి వేసి చూశాను. 12 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లు అని ఉంది. తీగలు రెండే, రెండూ 6 పిన్లవి.

వాట్లలెక్క:
25 ఇంటూ 12, మొత్తం 300 వాట్లు. 390 ఒక్కటే 275 తినేస్తే ప్రాసెసర్‌కు 25 మిగులుతాయి. దానికి 6 పిన్ల తీగతో పాటు 8 పిన్లది కూడా కావాలి, అది మీ దగ్గర లేదు. 970కి మామూలుగా రెండు 6 పిన్ల తీగలు చాలు. మీ అన్నయ్య కార్డుకు ఉన్న సాకెట్లు మాత్రం ఒకసారి చూసుకోండి, కొన్ని రకాలకు 8 పిన్లది పెట్టారు.

మూడున్నర:
సరే, ఈ పవర్ సప్లైతో 390 వద్దు. 6 పిన్లను 8 చేసే అడాప్టర్ తగిలిస్తే పోలా అని ఎవరైనా చెబితే వినకండి, తీగ కాలిపోయే ప్రమాదం ఉంది. 970 పెట్టుకుని, టెక్స్చర్లు (ఆటలో వస్తువుల మీద పరిచే బొమ్మలు) ఒక మెట్టు దించి ఆడుకోండి. నా అభిప్రాయం మాత్రం మారలేదు.

మీ స్నేహితుడి అటక మీదిది ఎవరికీ అక్కరలేకపోతే చెప్పండి. నా దగ్గర 650 వాట్లది ఖాళీగానే ఉంది.