"మకరో మృగాస్యః": మకరరాశి వాళ్ళు కష్టజీవులా, బద్ధకస్తులా?

నిన్నటి చర్చలో ఒకరు అడిగారు, మకరరాశికి కొన్నిచోట్ల మేక బొమ్మ, కొన్నిచోట్ల మొసలి బొమ్మ వేస్తారు, ఇందులో ఏది సరైనదని. కామెంట్లో చెబితే ఇరుకైపోతుందని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే బొమ్మ వెనకాలే గుణాల గొడవ కూడా ఉంది.

మకరం అనగానే మనకి మొసలే. పోతన "కరి దిగుచు మకరి సరసికి, కరి దరికిని మకరి దిగుచు" అన్నాక ఇంకో జంతువు మన కళ్ళకి కనబడదు. కానీ రాశిచక్రంలో ఉన్నది గజేంద్రుడి కాలు పట్టిన జంతువు కాదు. ఆరో శతాబ్దపు జ్యోతిష్కుడు వరాహమిహిరుడు తన జ్యోతిష గ్రంథం బృహజ్జాతకం మొదటి అధ్యాయంలో రాశుల రూపాలు చెబుతూ దీనికి రెండే మాటలు ఖర్చు పెట్టాడు: "మకరో మృగాస్యః". ఆస్యం అంటే ముఖం, కాబట్టి మృగం ముఖం ఉన్న మకరం. ఒళ్ళు నీటి జంతువుది, తల నేల మీద తిరిగే జంతువుది. జ్యోతిషం చదివినవాళ్ళు ఈ రాశిలో మొదటి 15 డిగ్రీలు చతుష్పాదం, తర్వాతి 15 జలచరం అంటారు కదా, ఆ విభజన ఈ బొమ్మను సగానికి కోసి చూపించినట్టే ఉంటుంది.

మరి మేక ఎక్కడిదంటే, బాబిలోనియా వాళ్ళు ఇదే చోట మేక తల, చేప తోక ఉన్న జంతువును చూశారు. గ్రీకులు దానికి ఐగోకెరోస్ అని పేరు పెట్టారు, మేక కొమ్ములు ఉన్నదని. లాటిన్‌లో కాప్రికార్నస్ అన్నా అదే. ఇంకా విశేషం ఏమిటంటే, వరాహమిహిరుడికి ఈ పేరు తెలుసు. అదే అధ్యాయంలో మేషానికి క్రియ, వృషభానికి తావురి, తులకి జూక అని వరసగా గ్రీకు పేర్లను సంస్కృతం చేసి చెబుతూ మకరానికి "ఆకోకేర" అన్నాడు. అది ఐగోకెరోసే. అంటే మేక బొమ్మ మొన్నమొన్న పత్రికల వారఫలాలతో వచ్చిందేమీ కాదు, దాని పేరు మన గ్రంథంలోనే పదిహేను వందల ఏళ్ళ నుంచి ఉంది. తోక తీసేసి మామూలు మేకను గీసినా తప్పే, ఒట్టి మొసలిని గీసినా తప్పే అని నా అభిప్రాయం.

ఇక గుణాల సంగతి. ఏ యాప్ తెరిచినా మకరరాశి వాళ్ళు పట్టుదల మనుషులు, క్రమశిక్షణ, ఓర్పు, మెల్లగా కొండెక్కేస్తారు అని ఉంటుంది. కొండెక్కేది మేక కాబట్టి ఆ వర్ణన ఆ బొమ్మకి సరిపోతుంది. బృహజ్జాతకంలో చంద్రుడు మకరంలో ఉండగా పుట్టినవాడి గురించి ఉన్న శ్లోకం మాత్రం ఇది, వృత్తం మనకి బాగా అలవాటైన శార్దూలమే:

నిత్యం లాలయతి స్వదారతనయాన్ ధర్మధ్వజోఽధఃకృశః
స్వక్షః క్షామకటిర్గృహీతవచనః సౌభాగ్యయుక్తోఽలసః
శీతాలుర్మనుజోఽటనశ్చ మకరే సత్త్వాధికః కావ్యకృత్
లుబ్ధోఽగమ్యజరాంగనాసు నిరతః సంత్యక్తలజ్జోఽఘృణః

ఎప్పుడూ పెళ్ళాం పిల్లల్ని లాలిస్తూ ఉంటాడు. నడుము సన్నం, కింది భాగం బక్కపలచన, కళ్ళు బాగుంటాయి. చెప్పిన మాట వింటాడు, నలుగురికీ నచ్చుతాడు. బద్ధకస్తుడు. చలికి ఆగలేడు. తిరుగుతూ ఉంటాడు, సత్తువ ఎక్కువ, కావ్యం రాస్తాడు. పిసినారి, పోకూడని ఆడవాళ్ళ మీద, ముసలివాళ్ళ మీద మనసు పడతాడు, సిగ్గు వదిలేసినవాడు, జాలి లేనివాడు. ఇందులో కొండెక్కడం ఎక్కడుంది? "అలసః" అని పచ్చిగా ఉంది.

ఒక్క మాట దగ్గర ఆగాలి. ధర్మధ్వజుడు అని చదవగానే ధర్మానికి జెండాలా నిలబడేవాడు అని పొగడ్తగా తీసుకోవాలనిపిస్తుంది, సమాసం చూస్తే తప్పు కూడా కాదనిపిస్తుంది. సంస్కృతంలో అది తిట్టు. ధర్మాన్ని జెండాలా పైకెత్తి చూపించుకునేవాడు, లోపల ఏమీ లేనివాడు. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో "ధర్మధ్వజీ సదా లుబ్ధః" అని పిల్లిలా దొంగజపం చేసేవాణ్ణి వర్ణిస్తూ వస్తుంది, పక్కనే లుబ్ధః కూడా ఉంది చూడండి, మన శ్లోకంలో నాలుగో పాదం మొదట్లో ఉన్న మాటే. కాబట్టి దీన్ని "ధర్మనిష్ఠ గలవారు" అని మార్చి రాస్తే అది అనువాదం కాదు, జాతకుణ్ణి సంతోషపెట్టడం. ఇలా పాత శ్లోకాల్లోంచి చేదు తీసేసి మంచి మాత్రమే పంచడం నాకు నచ్చదు, ఇష్టమున్నా లేకపోయినా కవి రాసింది కవి రాసినట్టు చెప్పాలి.

(కింద ఒకరు అడిగారు: "యాప్‌లో చెప్పినా, శ్లోకంలో చెప్పినా మకరానికి అధిపతి శనే కదా, మరి గుణాల్లో అంత తేడా ఎందుకు?")

చాలా మంచి ప్రశ్న అండీ. నాకు తోచింది ఇది. శనికి మందుడు అని పేరు, శనైశ్చరుడు అంటేనే మెల్లగా నడిచేవాడు, రాశిచక్రం ఒక చుట్టు తిరగడానికి సుమారు 29న్నర ఏళ్ళు పడుతుంది. ఆ నెమ్మదిని ఒకరు ఓర్పు అన్నారు, ఒకరు బద్ధకం అన్నారు. చలి కూడా అక్కడిదే అనుకుంటాను. శనికి ఋతువు శిశిరం, సూర్యుడు మకర కుంభాల్లో ఉండేదీ శిశిరంలోనే, అందుకే శీతాలుః. ఆ మాట అక్కడ ఊరికే పడలేదు.

(ఇంకొకరు: "మా అబ్బాయి జనవరి 5న పుట్టాడు, వాడు మకరమే, కానీ వీటిలో ఒక్కటీ కుదరట్లేదు.")

కుదరకపోవడానికి ముందు లెక్క చూడాలండీ. జనవరి 5 అనేది పాశ్చాత్య పద్ధతిలో సూర్యుణ్ణి బట్టి చెప్పే మకరం, వాళ్ళకి డిసెంబర్ 22 దగ్గర్లో మొదలవుతుంది. మన పద్ధతిలో సూర్యుడు మకరంలోకి వచ్చేది జనవరి 14 లేదా 15న, రెండు పద్ధతుల రాశిచక్రాల మధ్య తేడా ఇప్పుడు 24 డిగ్రీల పైన ఉంది. అంటే ఆ రోజు మన లెక్కలో సూర్యుడు ధనుస్సులో ఉన్నాడు. పైగా పైన ఇచ్చిన శ్లోకం సూర్యుడి గురించే కాదు, చంద్రుడి గురించి. బాబుది ఉత్తరాషాఢ చివరి మూడు పాదాలో, శ్రవణమో, ధనిష్ఠ మొదటి రెండు పాదాలో అయితేనే ఈ శ్లోకం వర్తిస్తుంది. చంద్రుడు ఒక్కో రాశిలో రెండుంపావు రోజులు ఉంటాడు కాబట్టి ఏ నెలలో పుట్టినవాళ్ళయినా మకరరాశి కావచ్చు. పుట్టిన తేదీ చూసి మకరం అనేసి, కింద శ్లోకంలోంచి నాలుగు గుణాలు, ఇంగ్లీషు లిస్టులోంచి నాలుగు గుణాలు కలిపి రాసే పేజీలు చాలా ఉన్నాయి, ఈ గందరగోళమంతా వాటివల్లే. మీరు టెన్షన్ పడకుండా ముందు నక్షత్రం చూడండి.

"కావ్యకృత్" గురించి ఎవరూ అడగలేదు, నాకైతే ఈ శ్లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన మాట అదే. ఇంగ్లీషు లిస్టులు మకరరాశి వాళ్ళకి లెక్కలు, ఆఫీసులు, బాధ్యతలు కట్టబెడతాయి గానీ కవిత్వం ఇవ్వవు. ఇక్కడ బద్ధకం ఉంది, తిరుగుడు ఉంది, కళ్ళు బాగున్నాయి, చెవిన పడ్డ మాట పట్టుకుంటాడు, ఇవన్నీ అయ్యాక కావ్యం రాస్తాడు అన్నాడు. ఆ క్రమం కావాలనే పెట్టాడో, ఛందస్సు కోసం అలా కుదిరిందో తేల్చలేం గానీ నాకు మాత్రం అది చాలా నిజంగా అనిపిస్తుంది. సంస్కృతం బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా "గృహీతవచనః" మీద ఇంకొంచెం చెప్పండి. మాట వినేవాడు అనాలా, ఒకసారి విన్నది మనసులో పట్టేసేవాడు అనాలా? రెండోదైతే కావ్యకృత్‌కి ఇంకా దగ్గరగా ఉంటుంది.