సీవైపీ3ఏ యాంటీబాడీ: మందు ఇవ్వని ఎలుకలకీ అదే బ్యాండ్, ఎవరికైనా ఇలా అయిందా?

గుంటూరు_ఫార్మకాలజీ:
అందరికీ నమస్తే. ఎం.ఫార్మసీ ఫైనలియర్, గుంటూరు. విస్టార్ ఎలుకలకి డెక్సామెథసోన్ ఇచ్చి లివర్లో మందుల్ని మార్చే ఎంజైమ్ సీవైపీ3ఏ ఎంత పెరిగిందో వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తుపట్టే పరీక్ష) చూపించాలి. దాన్ని పట్టుకునే మౌస్ (చిట్టెలుక) మోనోక్లోనల్ యాంటీబాడీ తెప్పించాం, దాని రేటు తల్చుకుంటేనే గుండె దడ. 50 కిలోడాల్టన్ల (ప్రోటీన్ సైజు కొలత) దగ్గర బ్యాండ్ బ్రహ్మాండంగా వస్తోంది కానీ మందు ఇచ్చిన లేన్లోనూ ఇవ్వని లేన్లోనూ ఒకటే మందం, మూడుసార్లు చేసినా అంతే. బాక్స్ వచ్చిన రోజు మే ఎండ, ఐస్ ప్యాకులు నీళ్లయిపోయి ఉన్నాయి, యాంటీబాడీ పాడైపోయిందేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.

బెజవాడ_బయోకెమ్:
పాడైతే బ్యాండ్ పల్చబడాలి గానీ అన్నిట్లో ఇంత గట్టిగా రాదు కదమ్మా. గ్లిసరాల్‌లో ఉన్నది ఒక పూట ఎండకి మామూలుగా చచ్చిపోదు. మాటిమాటికీ గడ్డకట్టి కరగడమే దానికి అసలు దెబ్బ, మా బెజవాడలో కరెంటు పోయినప్పుడల్లా నేను ఫ్రీజర్ దగ్గరికే పరిగెడతా. 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకో, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో మాత్రం వద్దు.

రిఫాంపిసిన్_బాధితుడు:
డెక్సా వాడి మంచి పని చేశారు. నేను రిఫాంపిసిన్‌తో రెండు నెలలు పోగొట్టుకున్నా. మనుషుల్లో అది సీవైపీ3ఏ4ని (మన రకం సీవైపీ3ఏ) విపరీతంగా పెంచుతుంది, టీబీ మందులు వాడేవాళ్లకి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవడానికి కారణం అదే, కానీ ఈ ఎంజైమ్‌ని పెంచే స్విచ్ లాంటి పీఎక్స్ఆర్ రిసెప్టర్ ఎలుకల్లో దాన్ని సరిగా పట్టుకోదు. ఇంకోటి, ఎలుకల్లో ఉండేది 3ఏ4 కాదు, 3ఏ1, 3ఏ2. మీ యాంటీబాడీ కాగితంలో ఎలుక మీద పనిచేస్తుందని ఉందో లేదో చూడండి.

మంగళగిరి_మైక్రోసోమ్:
చెల్లీ, రెండు ప్రశ్నలు. 25 దగ్గర ఇంకో బ్యాండ్ ఉందా? లివర్ కోసేముందు సెలైన్‌తో కడిగావా?

గుంటూరు_ఫార్మకాలజీ:
ఉందక్కా!! చెత్త అనుకుని ఫోటోలో ఆ ముక్క కత్తిరించేశా. లివర్ కోసి తీశాక పైపైన కడిగానంతే.

మంగళగిరి_మైక్రోసోమ్:
అయితే నువ్వు చూస్తున్నది సీవైపీ కాకపోవచ్చు. లివర్లో మిగిలిన రక్తంలో ఎలుక సొంత యాంటీబాడీ, అంటే ఐజీజీ, ఉంటుంది, జెల్‌లో అది 50 దగ్గర హెవీ చైన్, 25 దగ్గర లైట్ చైన్‌గా విడిపోతుంది, మౌస్ యాంటీబాడీని గుర్తుపట్టడానికి వేసే నీ రెండో యాంటీబాడీ (యాంటీ మౌస్ సెకండరీ) ఎలుక ఐజీజీని కూడా పట్టేసుకుంటుంది. సీవైపీ3ఏ కూడా 50, 57 మధ్యే కనిపిస్తుంది కాబట్టి తేడా తెలీదు. ఒక బ్లాట్ ముక్కకి ప్రైమరీ (నువ్వు తెప్పించిన మొదటి యాంటీబాడీ) వేయకుండా సెకండరీ ఒక్కటే వేసి చూడు. బ్యాండ్ వచ్చిందంటే దొరికినట్టే.

తర్వాత కుందేలు ప్రైమరీకి మారు, దాని సెకండరీ ఎలుక ఐజీజీని అంతగా పట్టుకోదు. ఈసారి పోర్టల్ వెయిన్‌లోంచి చల్లటి సెలైన్ ఎక్కించు, ముదురు ఎరుపు లివర్ కళ్లముందే పాలిపోయి లేత గోధుమ రంగుకొస్తుంది, అప్పుడు ఆపు. మొత్తం హోమోజెనేట్ (నూరిన లివర్ అంతా) కంటే మైక్రోసోములు (సీవైపీ ఉండే పొర ముక్కలు) మేలు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ లేకపోతే ముందు మైటోకాండ్రియా తీసేసి, పై నీళ్లకి 8 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలిపి 27,000 జీ దగ్గర తిప్పినా కిందకి దిగుతాయి, నా పీహెచ్‌డీ అంతా అలాగే నడిచింది. లోడింగ్ కంట్రోల్‌కి (అన్ని లేన్లలో సమానంగా పోశామా అని చూసే ప్రోటీన్) జీఏపీడీహెచ్ వద్దు, అది ప్రధానంగా సైటోసాల్‌ది (కణంలోని ద్రవం), మైక్రోసోముల్లో ఉండే కాల్‌నెక్సిన్ పెట్టుకో.

మిరియాల_ప్రాజెక్ట్:
మధ్యలో అడుగుతున్నా క్షమించండి, మిరియాల్లోని పైపరిన్ సీవైపీ3ఏ4ని ఆపుతుందని ఇదే బ్లాట్‌తో చూపించొచ్చా?

మంగళగిరి_మైక్రోసోమ్:
కుదరదు తమ్ముడూ. బ్లాట్ చెప్పేది ప్రోటీన్ ఎంతుందని, పని చేస్తోందా లేదా అని కాదు. ఎంజైమ్‌ని ఆపేసినా బ్యాండ్ అలాగే ఉండొచ్చు. మిడజోలం గానీ టెస్టోస్టెరాన్ గానీ ఇచ్చి ఎంత మారుస్తోందో కొలవాలి.

గుంటూరు_ఫార్మకాలజీ:
రెండు వారాల తర్వాత వచ్చా. సెకండరీ ఒక్కటే వేసిన ముక్కలో 50, 25 రెండూ ప్రత్యక్షం అక్కా, చూసి ఏడుపొచ్చింది. కుందేలు ప్రైమరీ పక్క ల్యాబ్ వాళ్లు 20 మైక్రోలీటర్లు ఇచ్చారు, కొత్త ఎలుకల లివర్ కడిగి మైక్రోసోములు చేశా, డెక్సా లేన్లు నల్లగా, కంట్రోల్ లేన్లు సన్నగా వచ్చాయి, 25 దగ్గర ఏమీ లేదు. కంట్రోల్ పూర్తిగా ఖాళీగా ఎందుకు లేదు?

మంగళగిరి_మైక్రోసోమ్:
మగ ఎలుకలేగా? వాటిలో 3ఏ2 మామూలుగానే ఉంటుంది.

గుంటూరు_ఫార్మకాలజీ:
మగవే అక్కా. పాత బ్లాట్ కత్తిరించకుండా థీసిస్‌లో పెడతానని మేడమ్‌కి చెప్పా, సరేనన్నారు.