అమెరికా నేషనల్ గార్డ్‌లో లైంగిక దాడి కేసు: దర్యాప్తు యూనిట్ చేయాలా, బయటివాళ్లు చేయాలా?

పద్మ, హ్యూస్టన్:
కాలేజీ ఫీజుకి కలిసొస్తుందని మా అమ్మాయి టెక్సాస్ నేషనల్ గార్డ్‌లో, అంటే రాష్ట్రానికి ఉండే పార్ట్‌టైమ్ సైన్యంలో, చేరతానంటోంది. నాకేమో టెన్షన్. 2020లో ఇక్కడి ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వెనెస్సా గియెన్ అనే సైనికురాలి హత్య జరిగాక, మరుసటి ఏడాది రాష్ట్రం ఆమె పేరుతో చట్టం తెచ్చింది. దాని ప్రకారం గార్డ్‌లో లైంగిక దాడి ఫిర్యాదు వస్తే దర్యాప్తు టెక్సాస్ రేంజర్స్‌ది, అంటే రాష్ట్ర పోలీసు దర్యాప్తు విభాగానిది. నాకు నచ్చింది. మా ఆయన మాత్రం సైన్యంలో పోలీసులకేం పని అంటున్నారు.

సత్యనారాయణ, మాజీ సుబేదార్, మార్కాపురం:
అమ్మా, నేను మీ ఆయన పక్షమే. మన ఆర్మీ చట్టం 70వ సెక్షన్ ప్రకారం జవాను బయటి మహిళ మీద అత్యాచారం చేస్తే, మామూలు రోజుల్లో కోర్టు మార్షల్ కుదరదు, కేసు మామూలు కోర్టుకే వెళ్తుంది. అది సబబే. ఇద్దరూ యూనిఫాం వాళ్లయితే వేరు. బ్యారక్‌లో ఎవరు ఎవరికి భయపడతారో బయటి పోలీసుకేం తెలుస్తుంది?

శ్రీకర్, డల్లాస్:
సుబేదార్ గారూ, తెలిసినవాళ్లే కదండీ ఊరుకుంది! వెనెస్సాను పై ఉద్యోగి ఒకడు వేధించాడని, యూనిట్ పెద్దలకు తెలిసినా కదల్లేదని 2021లో ఆర్మీ విచారణే తేల్చింది. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

పద్మక్కా, ఒక సంగతి. వెనెస్సా ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, సైనికురాలు. ఆమె పేరున్న రాష్ట్ర చట్టం ఆమెకే వర్తించేది కాదు! ఫెడరల్ సైన్యంలో 2023 డిసెంబర్ 28 నుంచి ఇలాంటి కేసు నడపాలా వద్దా అన్న నిర్ణయం కమాండర్ చేతిలోంచి పోయింది, ప్రత్యేక సైనిక ప్రాసిక్యూటర్లకు ఇచ్చారు. గార్డ్ సంగతి వేరు. నెలకో వీకెండ్ డ్రిల్‌లో జీతం ఫెడరల్‌ది, పెత్తనం గవర్నర్‌ది. దాన్ని టైటిల్ 32 అంటారు. అప్పుడు ఫెడరల్ సైనిక చట్టం పనిచేయదు. అదే మనిషిని టైటిల్ 10 ఆర్డర్ మీద, అంటే పూర్తి ఫెడరల్ డ్యూటీలో, విదేశానికి పంపితే పనిచేస్తుంది. శనివారం డ్రిల్ అయ్యాక హోటల్లో ఏదైనా జరిగిందనుకోండి. యూనిట్ 'డ్యూటీ టైం కాదు' అంటే, ఊరి పోలీసు 'మిలిటరీ గొడవ' అంటే, ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? రాష్ట్ర చట్టం గట్టిగా ఉండాలనేది ఇందుకే.

సత్యనారాయణ:
సరే బాబూ, రేంజర్స్ వచ్చారు, రాసుకున్నారు. కేసు నడపాల్సింది మాత్రం ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రాసిక్యూటరే కదా? సాక్ష్యం చాలదని ఆయనంటే ఫైలు మూతే. ఆ తర్వాత ర్యాంకు తగ్గించాలన్నా, ఇంటికి పంపాలన్నా మళ్లీ కమాండర్ దగ్గరికే రావాలి. పైగా రేంజర్స్‌కి వెళ్లేది దాడి కేసులు. రోజూ వెకిలి మాటలతో ప్రాణం తీసేవాడి సంగతేంటి?

శ్రీకర్:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. వెనెస్సా విషయంలో ఆర్మీ తేల్చిందీ వేధింపే. కానీ యూనిట్‌లోనే ఫిర్యాదు ఆగిపోతే ప్రాసిక్యూటర్ దాకా వెళ్లేది ఏముంటుంది? అక్కా, ఈ చట్టం కిందే, గార్డ్‌ని చూసుకునే టెక్సాస్ మిలిటరీ డిపార్ట్‌మెంట్‌లో ఫిర్యాదుల కోసం ఒక కోఆర్డినేటర్‌ని పెట్టారు. అమ్మాయి సంతకం పెట్టేముందు ఆ కోఆర్డినేటర్ నంబరు రిక్రూటర్ని అడగండి. నీళ్లు నమిలితే ఆలోచించుకోండి.

పద్మ:
సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, అడుగుతాను. మా ఆయన్నీ తీసుకెళ్తున్నా.